మూత కింద తేదీ

పదహారేళ్లపాటు రోజూ పొద్దున్నే ఒక మనిషిని నవ్వుతూ పలకరించి, లోపల మాత్రం వాడి గొంతు దొరికే రోజు కోసం కాచుకుని కూర్చోవడం అందరివల్లా అయ్యే పని కాదు. దెల్ఫీనా ఒరోస్కో వల్ల అయింది. ఆ పిల్ల కథే చెబుతున్నాను. ఇందులో నా వేషం ఏమంత గొప్పది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, తర్వాత ముసలాడు దాచాడనకండి.

నా పేరు నాబోర్. మెక్సికో నగరంలో దొన్సేలెస్ వీధిలో పాత లెన్సులు అమ్ముకుంటాను. మా మేడ మెట్లెక్కి రెండో అంతస్తుకొస్తే ఎదురెదురుగా రెండు వరసల్లో ఎనిమిది కొట్లుంటాయి. ఒకటి నాది, మిగతావన్నీ కెమెరాలు బాగుచేసే మేస్త్రీలవి. దేశంలో ఏ మూల కెమెరా మొరాయించినా చివరికి ఈ మెట్లే ఎక్కాలి.

ఈ కాలం పిల్లలకి కెమెరా అంటే రెండేళ్లు వాడి పారేసేది. మా కెమెరాలు అలాంటివి కావు నాయనా. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఇత్తడి, ఉక్కు, స్ప్రింగులు, పళ్ల చక్రాలు. కింద పడేస్తే సొట్టపోతుంది గానీ చావదు. వానలో తడిస్తే ఎండబెట్టుకోవచ్చు. తాతది మనవడు వాడతాడు, మనవడు అమ్మేస్తే ముక్కూమొహం తెలియనివాడు వాడతాడు. దానికొచ్చే రోగం ఒక్కటే, గ్రీజు గడ్డకట్టడం. పది పదిహేనేళ్లకి షట్టర్ బద్ధకిస్తుంది. సెకనులో మూసుకోవాల్సింది ఆవులించి ఆవులించి రెండు సెకన్లకి మూసుకుంటుంది. అప్పుడు విప్పి, కడిగి, సూదిమొనంత నూనె పెడితే మళ్లీ పదిహేనేళ్లు తిరుగు లేదు.

మా మేస్త్రీలకి ఒక ఆచారం ఉంది. కెమెరా విప్పినవాడు మూత బిగించే ముందు లోపలున్న ఇత్తడి పలక మీద సూదితో తన పేరు మొదటి అక్షరాలు, ఆరోజు తేదీ గీసి తీరాలి. బయటివాళ్లకి కనబడదు. తర్వాత విప్పేవాడికి ఎవణ్ని మెచ్చుకోవాలో, ఎవణ్ని తిట్టుకోవాలో తెలియాలిగా! గీయకుండా మూత పెడితే ఆ కెమెరా నెల తిరక్కుండా పాడై వస్తుందని, మేస్త్రీ చేతులు పడిపోతాయని మావాళ్ల భయం. ఇంకోడి రాతని గీకెయ్యడమైతే సమాధి తవ్వినంత పాపం. పాపం సంగతి అటుంచి, గీకితే రాలే ఇత్తడి పొడి పళ్ల చక్రాల్లో పడి కెమెరానే తినేస్తుంది.

దెల్ఫీనా వాళ్ల నాన్న ఫెర్మీన్ ఒరోస్కో. నాకు ప్రాణస్నేహితుడు. అలా చెప్పుకునే హక్కు నాకు లేదు, అయినా చెబుతున్నా. ఫెర్మీనూ, గుమారో ఇబార్రా అనే ఇంకో మేస్త్రీ కలిసి నాలుగు వీధుల అవతల ఒక మేడ మూడో అంతస్తులో దుకాణం నడిపేవాళ్లు. అన్నదమ్ముల్లా ఉండేవాళ్లు. దెల్ఫీనా పుట్టినప్పుడు గుడిలో బాప్తిస్మానికి ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఆ గుమారోనే. ఆ పిల్ల వాణ్ని పెదనాన్నా అని పిలిచేది. పిల్ల పుట్టిన వారంలో ఫెర్మీన్ తనకోసం ఒక జర్మనీ కెమెరా కొనుక్కున్నాడు. కొన్న సాయంత్రమే విప్పి, తన సంతకానికి బదులు లోపల "దెల్ఫీనా, 4-3-63" అని గీశాడు. నాకూ చూపించాడు, గుమారోకీ చూపించాడు. పిచ్చోడా, కొత్త కెమెరా ఎవడైనా విప్పుతాడా అని ఇద్దరం నవ్వాం.

ఎనభై అయిదు సెప్టెంబరు పందొమ్మిదిన పొద్దున్నే భూమి కదిలింది. ఆ మేడ కూలిపోయింది. దుకాణంలో ఎవరూ లేరు గానీ కింద అంతస్తుల్లో కాపురాలున్నాయి. ఫెర్మీన్ చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. మూడు రోజులు అక్కడే ఉండి చేత్తో, బకెట్లతో రాళ్లు తోడాడు. రొట్టెలు చేసే ఒకావిణ్ణి, ఆవిడ మనవరాల్నీ ప్రాణాలతో బయటికి లాగిన గుంపులో వాడూ ఉన్నాడు. గోళ్లన్నీ ఊడిపోయాయి. దుకాణంలో ఏం పోయిందో వెతకాలన్న ఆలోచనే లేదు వాడికి.

ఆ దుకాణంలో ఒక ఇనప బీరువా ఉండేది, తాళం చెవులు వాళ్లిద్దరి దగ్గరే ఉండేవి. అందులో ఖాతాదార్లు బాగుచెయ్యమని ఇచ్చిన పదకొండు కెమెరాలు, ఫెర్మీన్ సొంత కెమెరా కలిపి పన్నెండు. వారం తర్వాత శిథిలాల్లో బీరువా దొరికింది. తలుపు తెరిచి ఉంది. లోపల ఒక్కటీ లేదు.

ఖాతాదార్లు గొడవకొచ్చారు. గుమారో మా మేడ మెట్ల మీద నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు.

"నా నోటితో ఎలా చెప్పను? ఆ రాళ్లలో మూడు రోజులు తిరిగింది ఎవరు? నేనా? వాడి సొంత కెమెరా కూడా లేదు చూడండి. దొంగ తన సొమ్ము వదిలిపెట్టి పోతాడా?"

ఆ మాట సూటిగా దిగింది. ఆరోజే, నవంబరు పదమూడున, అదే మెట్ల దగ్గర, ఫెర్మీన్ దొంగ, వాడికి ఈ వీధిలో ఎవరూ పనివ్వకూడదు అని కాగితం రాశారు. ఏడుగురు సంతకాలు పెట్టారు. అయిదో సంతకం నాది. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? అందరూ పెట్టారు. గుమారో మేస్త్రీ పెద్దమనిషి. అందరూ నా మొహం చూస్తున్నారు. నా చెయ్యి విరిగినా బాగుండేది.

ఫెర్మీన్ ఒక్క మాటన్నాడు. "నువ్వూనా నాబోర్?" అంతే. తర్వాత ఊరి చివర నెసాలో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. సందులో పిల్లలు కూడా దొంగమేస్త్రీ అని పిలిచేవాళ్లట. తొంభై ఒకటిలో పోయాడు. శవయాత్ర రోజున నేను వాళ్ల సందు మొగదాకా వెళ్లి, మొహం చెల్లక వెనక్కి వచ్చేశాను.

మరుసటేడు ఒక సోమవారం, ఇరవైతొమ్మిదేళ్ల పిల్ల ఒకతె చెక్కపెట్టె మోసుకుంటూ మా మెట్లెక్కింది. పొట్టి మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు. ఖాళీగా ఉన్న కొట్టు అద్దెకి తీసుకుంది. ఏ కొట్టు? భూకంపం తర్వాత గుమారో మా మేడలోనే పెట్టుకున్న కొట్టుకి సరిగ్గా ఎదురుగా! వీధి వీధంతా నోళ్లు నొక్కుకుంది. ఆడది కెమెరాలు బాగుచెయ్యడం ఒక వింత, అందులోనూ ఫెర్మీన్ కూతురు.

గుమారో బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, అందరికీ వినబడేలా అడిగాడు. "ఏమ్మా, మీ నాన్న దగ్గర ఏం నేర్చుకున్నావు? పనితనమా, చేతివాటమా?"

కొట్లవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు గానీ నోరెత్తనూ లేదు.

ఆ పిల్ల పెట్టె కింద పెట్టి, రిబ్బన్లూ పూసలూ కొనడానికొచ్చినంత తీరిగ్గా నవ్వింది. "అన్నీ చూపిస్తా పెదనాన్నా. తొందరేముంది, ఎదురుగానే ఉంటాగా."

ఆరోజు నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి "బాగున్నారా పెదనాన్నా?" అనేది. రోజూ. వాడికి జ్వరమొస్తే మందు బిళ్లలు పంపింది. వాడి భార్య పోతే వాడి వెనకే నిలబడి జపమాల తిప్పింది. ఇదేం పిల్లరా, పౌరుషం లేదా అని నాకే ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ వెధవకి అంత వినయం ఎందుకే?"

"నాబోర్ బాబాయ్," అంది చేతిలో స్క్రూడ్రైవర్ ఆపకుండా, "నాన్న దొంగతనం చెయ్యలేదు. చేసింది ఎవరో నాకు తెలుసు. నీకూ తెలుసు. రుజువేది?"

"రుజువెక్కడ దొరుకుతుంది? కెమెరాలు ఎటు పోయాయో ఎవడికి తెలుసు?"

"ఎటు పోయినా చావవు కదా. నాన్న కెమెరా ఎక్కడో ఎవడి భుజానికో వేలాడుతోంది. నంబరు మార్చి ఉంటారు, పైన అంటించిన తోలు మార్చి ఉంటారు. లోపల నా పేరు మార్చలేరు. గ్రీజు గడ్డకట్టిన రోజు ఎవడో ఒకడు దాన్ని పట్టుకుని ఈ మెట్లెక్కుతాడు. ఇంకెక్కడికెళ్తాడు? నేను కాచుక్కూచుంటా. అది వచ్చేదాకా ఈ ముసలోడు చావకూడదు. అందుకే మందు బిళ్లలు."

అమ్మ తల్లీ, ఎంత పగ!

ఇక చూస్కోండి ఆ పిల్ల పని. ఆ రకం కెమెరా ఏది చేతికొచ్చినా, తోలు ఊడిందని ఇచ్చినా, పట్టీ తెగిందని ఇచ్చినా, మూత విప్పి లోపల చూడందే తిరిగిచ్చేది కాదు. ఆదివారాలు లగునిల్యా సంతకి పోయి, పాత సామాన్ల వాళ్ల దగ్గర నేల మీద కూర్చుని విప్పేది. పెళ్లి చేసుకుంటానని వెంటపడ్డ ఒక బస్సు డ్రైవర్‌ని కూడా ఆ సంతకే తీసుకెళ్లింది. ఆరు గంటలు ఎండలో కూర్చోబెట్టి కెమెరాలు పట్టుకోమంది. పాపం, మళ్లీ ఆ చుట్టుపక్కల కనబడలేదు. "పోనీలే బాబాయ్, నా మనసులో ఇంకో మగాడున్నాడు" అని గుమారో కొట్టు వైపు చూసి పకపకా నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు.

పనిలో మాత్రం దాన్ని కొట్టేవాడు లేడు. షట్టర్ చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విని, ఎక్కడ లోపమో చెప్పేది. ఏళ్లు గడిచేకొద్దీ గుమారోకి చూపు మందగించింది. కష్టమైన పనులన్నీ ఆ పిల్లకే పంపేవాడు. అది చేసిచ్చేది, వాడు పేరు కొట్టేసేవాడు. పేరు కొట్టెయ్యడం వాడికి కొత్తా?

రెండు వేలు దాటాక మా పని మీద దెబ్బ పడింది. జనం కొత్తరకం కెమెరాలు కొని పాతవి చెత్తలా వదిలించుకోవడం మొదలెట్టారు. మిగతా మేస్త్రీలు తలలు పట్టుకున్నారు. దెల్ఫీనా మొహం మాత్రం వెలిగిపోయింది. అటకల మీద, పెట్టెల అడుగున ఉన్నవన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయి కదా! గోనెసంచులతో తెచ్చేది, విప్పేది, మూసేది. వేళ్ల చివర్లు కాయలు కాచాయి.

రెండు వేల ఎనిమిది, నవంబరు. తంపీకో రేవు నుంచి ఎండురొయ్యల వ్యాపారి ఒకడు వచ్చాడు. మనిషి రాకముందే వాసనొచ్చింది. మావగారిచ్చిన కెమెరా అట. ఇరవై ఏళ్లకి పైగా సముద్రం పక్కన గోడ మేకుకి వేలాడిందట, పెళ్లిళ్లకీ పేరంటాలకీ తీసి వాడారట. తోలు పొలుసుల్లా లేచిపోయింది. లెన్సులో బూజు పట్టింది. మూతకి ఒక పక్క సొట్ట.

"పని చెయ్యదా?" అని అడిగింది దెల్ఫీనా.

"చెయ్యకేం, చేస్తుంది. కాకపోతే కాస్త నిద్రపోతోందమ్మా."

దెల్ఫీనా మీట తిప్పి నొక్కింది. టక్! గట్టిగా, శుభ్రంగా పడింది. సెకనుకి పెట్టి నొక్కింది. గురగురమంటూ సగంలో ఆగి, ఆలోచించుకుని, మూసుకుంది. ఎప్పటిలాగే మూత మరలు విప్పడం మొదలెట్టింది. నేను పక్కన కూర్చుని రొట్టె తింటున్నాను. మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"నాబోర్ బాబాయ్." గొంతు మామూలుగానే ఉంది. "చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని ఇలా రా."

భూతద్దం అందించింది. చూశాను. ఇత్తడి పలక మీద, ఫెర్మీన్ చేతిరాత. "దెల్ఫీనా, 4-3-63." దాని కింద "ఫె. ఒ., 20-8-79." దాని కింద ఇంకో చెయ్యి, నున్నగా, గొప్పగా వంకర్లు తిప్పిన అక్షరాలు. ఆ అక్షరాలు నాకు నా అరచేయంత పరిచయం. "గు. ఇ., 11-11-85."

నా నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

అయిందా! పదకొండో తారీకు వాడి చేతిలో ఉంది కెమెరా. పదమూడో తారీకు వాడు మెట్ల మీద నిలబడి ఏడ్చి, మా చేత కాగితం మీద సంతకాలు పెట్టించాడు. దొంగిలించిన సరుకు అమ్మే ముందు సున్నం దుమ్ము కడిగాడు, నంబరున్న మూత మార్చాడు. ఇక మూత బిగించబోతూ, నలభై ఏళ్ల అలవాటున, చేతులు పడిపోతాయన్న భయమో ఏమో, సూది తీసి సంతకం గీసి పడేశాడు! ఇలాంటి తప్పు ఏ పోలీసోడూ చెయ్యడు, ఏ దొంగా చెయ్యడు, కెమెరా మేస్త్రీ తప్ప.

నేను లేచి నిలబడ్డాను. "ఇప్పుడే పోయి వాడి పళ్లు రాలగొడతా."

"కూర్చో బాబాయ్."

"పోలీసులకైనా..."

"ఇరవై మూడేళ్ల తర్వాతా? నవ్వుతారు. కూర్చో." భూతద్దం నా చేతిలోంచి లాక్కుంది. అప్పుడు చూశాను, కళ్లద్దాల వెనక నీళ్లు కారిపోతున్నాయి. మొహం మాత్రం కదల్లేదు. "నెల రోజుల్లో మాత పండగ ఉంది. అప్పటిదాకా నోరు విప్పావో, నీ నాలుక తెగ్గోస్తా."

రొయ్యలాయనకి అంతకంటే మంచి కెమెరాలు రెండిచ్చి పంపింది. వాడు ఈ పిల్లకి మతి పోయిందనుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

డిసెంబరు పన్నెండున గ్వాదలూపె మాత పండగకి మా మెట్ల మలుపులో పూలతో, దీపాలతో పీఠం కడతాం. మధ్యాహ్నం పాదిరిగారు వచ్చి ప్రార్థన చేస్తారు. తర్వాత ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్నపిండి తమాలెలు, మిరపకాయలు నూరి వండిన మోలె కూర, తిన్నంత. భోజనానికి ముందు ఒక తంతుంది. అందరం కలిసి పాత కెమెరా ఒకటి పీఠం ముందు పెడతాం. మాలో పెద్ద మేస్త్రీ దాన్ని అందరి ముందూ విప్పి, లోపలున్న సంతకాలు పైకి చదువుతాడు. ఒక్కో పేరు చదవగానే, చచ్చినవాళ్లకీ బతికున్నవాళ్లకీ కలిపి "చల్లగా ఉండాలి" అంటాం. చదివేవాడు మధ్యలో ఆపకూడదు. పదేళ్లుగా ఆ పెద్దరికం గుమారోదే.

ఆ నెల రోజులూ నాకు తిండి సయించలేదు. ఆ పిల్ల మాత్రం రోజూ "బాగున్నారా పెదనాన్నా?" అంటూనే ఉంది. పండగ నాడు గుమారో బూడిదరంగు సూటు వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్లు వాడికి. కొడుకులు, కోడళ్లు, మనవలు, అందరూ వచ్చారు.

"ఈసారి కెమెరా నేనిస్తా పెదనాన్నా," అంది దెల్ఫీనా. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టింది. కొత్త తోలు వేసి, తళతళా తుడిచింది.

"నా బంగారుతల్లి," అన్నాడు వాడు. వాడికి గుర్తు రాలేదు! ఎలా వస్తుంది, వాడి దృష్టిలో అది ఎప్పుడో చచ్చిపోయింది.

మరలు విప్పాడు. చూపు పోయినా వేళ్లు మర్చిపోలేదు. మూత తీసి, భూతద్దం పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివాడు.

"దెల్ఫీనా..."

ఆగిపోయాడు.

"చల్లగా ఉండాలి," అన్నారు జనం. ఈ పిల్ల తన పేరు తనే రాసుకుందేమోనని కొందరు నవ్వారు.

"చదవండి పెదనాన్నా," అంది దెల్ఫీనా. "మధ్యలో ఆపకూడదుగా."

"ఫె. ఒ... డెబ్భై తొమ్మిది." ఈసారి "చల్లగా ఉండాలి" అన్నవాళ్లు తక్కువ. ఫె. ఒ. అంటే ఎవరో ముసలాళ్లందరికీ తెలుసు.

"ఇంకోటుంది."

"కనబడట్లేదమ్మా. ఇక్కడ వెలుతురు లేదు."

దెల్ఫీనా పీఠం మీది దీపం ఒకటి తీసి, వాడి మొహం పక్కనే పట్టుకుంది. "ఇప్పుడో?"

వాడు భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. ఆ పిల్ల నావైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు చదువు."

చదివాను. ఎందుకు దాచాలి, నా ఒంట్లో ప్రతి ఎముకా సంబరపడింది. వీధిలోకి వినబడేలా చదివాను. "గు. ఇ.! నవంబరు పదకొండు, ఎనభై అయిదు!"

చల్లగా ఉండాలని ఒక్కరూ అనలేదు. పాదిరిగారు మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నారు.

"ఎవరో తెచ్చారు," అన్నాడు గుమారో. "ఎవరో బాగుచెయ్యమని తెచ్చి ఉంటారు. నాకేం గుర్తు?"

"తెచ్చారా?" దెల్ఫీనా గొంతు మొదటిసారి లేచింది. "మా నాన్న దొంగిలించాడన్న కెమెరా నీ చేతికొస్తే, నువ్వు ఊరుకునేవాడివా? ఇదిగో రుజువు అని ఈ మెట్ల మీద వేలాడదీసేవాడివి కాదూ? రెండు రోజుల తర్వాత ఏడ్చావే, ఇక్కడే నిలబడి! అప్పుడు ఇది నీ సంచిలో ఉందా, ఇంట్లో ఉందా? చెప్పు పెదనాన్నా! నన్ను ఎత్తుకుని దేవుడి ముందు ప్రమాణం చేసిన చేతుల్తోనే గీశావు ఇది!"

వాడి పెద్ద కొడుకు లేచాడు. "నాన్నా, ఏంటిది?"

గుమారో కుర్చీలో కుంగిపోయాడు. గొణిగాడు. "భూమి కదిలిన మధ్యాహ్నమే వెనక వైపు నుంచి వెళ్లాను, ఫెర్మీన్ ముందు వైపు రాళ్లు తోడుతున్నాడు. సైనికులింకా రాలేదు. ఇల్లు కూలింది, దుకాణం కూలింది... తంపీకో వాడొకడు అన్నీ ఒకేసారి కొన్నాడు. ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పుపట్టి చచ్చుంటాయనుకున్నా."

"కెమెరా మేస్త్రీవి, సిగ్గులేదూ!" అని అరిచాను నేను. నిజంగానే అది నాకు ఇంకో అవమానంలా తోచింది. ఇంత పని చేసినవాడు, తను బాగుచేసిన వస్తువు చస్తుందనుకున్నాడా?

"క్షమించు తల్లీ," అన్నాడు.

"క్షమించను," అంది దెల్ఫీనా. జేబులోంచి సూది తీసి వాడి ముందు పెట్టింది. "రాయి. ఆ పలక మీదే, నీ సంతకం కింద. ఫెర్మీన్ దొంగ కాదు, దొంగని నేను అని రాయి. పేరు పొట్టి అక్షరాలు కాదు, పూర్తిగా రాయి."

"చెయ్యి వణుకుతోందమ్మా."

"వణకనీ. వంకరగా ఉన్నా చదువుకుంటారు. నువ్వు పోతావు, నేను పోతాను, నీ మనవలు కూడా పోతారు. ఇది తిరుగుతూనే ఉంటుంది. విప్పిన ప్రతి మేస్త్రీ చదువుతాడు."

వాడు మనవల వైపు చూశాడు. ఒక్కరూ వాడి కళ్లలోకి చూడలేదు. సూది తీసుకున్నాడు. ఆ చిన్న గీతలకి వాడికి అరగంట పట్టింది. మోలె కూర చల్లారిపోయింది, ఎవరూ కదల్లేదు. ఇత్తడి మీద సూది కీచుమంటుంటే నాకు కడుపు చల్లబడింది. తగిన శాస్తి జరిగింది, ఫెర్మీన్, చూడరా అనుకున్నాను.

వాడు ముగించాడు. దెల్ఫీనా భూతద్దంతో ఒక్కో అక్షరం చూసుకుంది. పలక మీది పొడి బ్రష్షుతో ఎత్తేసింది. ఇక మూత బిగిస్తుందనుకున్నా. సూది నా వైపు చాపింది.

"నువ్వు కూడా బాబాయ్."

"నేనా?" నవ్వొచ్చింది ముందు. "నేను నీ పక్షం కదే!"

"ఈ నెల రోజుల్నించి. అయిదో సంతకం నీది. పేరు, నవంబరు పదమూడు అన్న తేదీ రాయి చాలు."

"అందరూ పెట్టారమ్మా..."

"సంతకం పెట్టి, ఇంకా బతికున్నవాళ్లందరి చేతా రాయిస్తాను. మొదట నువ్వు. వాడు నాన్నకి శత్రువు. నువ్వు స్నేహితుడివి."

సూది పట్టుకున్నాను. నా పేరు నాకు రాయడం రానట్టు అనిపించింది. రాశాను. నా తర్వాత, ఆ ఏడుగురిలో ఇంకా మిగిలున్న ఇద్దరూ రాశారు. తను మూత బిగించి, మీట తిప్పి, నొక్కింది. సెకను సరిగ్గా సెకనుకి మూసుకుంది.

గుమారో మళ్లీ మెట్లెక్కలేదు. కొడుకులు కొట్టు ఖాళీ చేసి బోర్డు దించేశారు. ఎదురుగా ఆ మూసిన తలుపు చూసినప్పుడల్లా దెల్ఫీనా మొహంలో ఒక తృప్తి కనబడుతుంది, దాన్ని దాచుకోదు కూడా. నన్ను మునుపట్లాగే బాబాయ్ అంటుంది, కాఫీ పోస్తుంది.

పండగైన రెండు వారాలకి నేనే సిగ్గు విడిచి అడిగాను. గుమారో రాత అలాగే ఉండనీ, నా ఒక్కడి పేరూ గీకి పొడి జాగ్రత్తగా ఎత్తేస్తాను, చక్రాల్లో పడనివ్వను, ఆ కెమెరా ఒక్కసారి ఇవ్వమ్మా, ముసలాణ్ని, అన్నాను.

"లేదు బాబాయ్. మొన్న బేరగాడెవరో వస్తే ఇచ్చేశాను."

"ఎవరికే? ఏ ఊరు?"

"అడగలేదు," అంది, చేతిలో ఉన్న కెమెరా మూత విప్పుతూ.